కుబుంటు అంటే ఊరికే

గోడ మీద రంగు ఆరకముందే తగాదా మొదలైంది. బురుండిలో, గిటెగా ఊరి బస్టాండు వెనక నాది కంప్యూటర్ల మరమ్మతు కొట్టు. ఆ పొద్దున "ఇక్కడ కుబుంటు" అని ఇంతింత అక్షరాలతో రాయించాను. కంప్యూటర్ని నడిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ పేరది. మా కిరుండి భాషలోనేమో కుబుంటు అంటే "ఊరికే" అని అర్థం. పైసా ఇవ్వక్కర్లేదన్నమాట! రాయించేటప్పుడు అది తట్టనేలేదు, నా బుర్ర తగలెయ్య!

కాసేపట్లో గుమ్మం నిండా జనం. అందర్నీ కసిరి పంపేశాను. ఒక ముసలావిడ మాత్రం కదల్లేదు. పక్కన కూతురు ఆర్లెట్, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. చేతిలో చచ్చిన ల్యాప్‌టాప్.

"మధ్యాహ్నం యూనివర్సిటీలో నా థీసిస్ చూపించాలక్కా. అంతా ఇందులోనే ఉంది. ఇంకో కొట్టులో అతను మొత్తం చెరిపెయ్యాల్సిందేనన్నాడు."

"కుబుంటు అని రాశావుగా, చెయ్యి," అంది తల్లి.

"అది పేరమ్మా! ఉబుంటు అనే ఇంకోదాన్నుంచి పుట్టింది. దక్షిణాఫ్రికా వాళ్ళ మాట. అంటే మనిషితనం. పక్కవాళ్ళుంటేనే మనం మనుషులమని."

"ఆ మాట మనకి మాత్రం లేదేంటి? మనిషితనానికీ ఊరికే ఇవ్వడానికీ మన దగ్గర ఒకటే మాట. వాటిని విడదీయడం ఎక్కడ నేర్చావే?"

ఒళ్ళు మండింది. "ఇటివ్వు," అని ల్యాప్‌టాప్ లాక్కున్నాను.

కుబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవ్ పెట్టి, దాంతోనే ఆన్ చేశాను. తెర నల్లగానే ఉంది. ఆర్లెట్ వేళ్ళు నా భుజంలో గుచ్చుకున్నాయి. నేనూ రెప్ప వెయ్యకుండా తెరకేసే చూస్తున్నాను, పైకి కోపంగా ఉన్నాను గానీ. అంతలో తెర వెలిగింది. లోపల పాత ఫైళ్ళు, అన్నీ ఉన్నాయి.

హమ్మయ్య! ఆ పిల్ల నేల మీద చతికిలపడి నవ్వుతోంది, ఏడుస్తోంది.

తల్లికి చదువు రాదు. "ఏదీ, ఒక ముక్క చదువు," అంది. ఆర్లెట్ చదివింది. "ఆఁ, అదే! నేను చిక్కుళ్ళు వలుస్తుంటే చెవిలో హోరెత్తించావే, అదే! మరి ఆఖర్న సాయం చేసినవాళ్ళందరికీ దండం పెడుతూ రాస్తారటగా, అదేది?"

"ఇంకా రాయలేదమ్మా."

"అయితే రాయి. నీ పేరేంటే, అరిచేదానా?"

"గోడెలీవ్."

"గోడెలీవ్ అని రాయి. నోరు పెద్దదని కూడా రాయి."

నాకు నవ్వాగలేదు, కళ్ళలో నీళ్ళూ ఆగలేదు. "రాసుకో తల్లీ, ఏమైనా రాసుకో. ఊరికే చేసిందని మాత్రం రాయకు, రేపు నా తలుపులు విరగ్గొడతారు!"