కావలి బంటుకి సెలవు

దయానంద్ చిత్తూరు కోర్టులో గుమాస్తా. పగలంతా వాయిదాలు, సాయంత్రమైతే దయ్యం వేషం. ఆ దయ్యం చంద్రగిరి రాజుల కాలంనాటి కావలి బంటు. "నేను తిరిగొచ్చేదాకా కదలొద్దు" అని రాజు చెప్పి పోయాడు, మళ్ళీ రాలేదు. బంటు చచ్చాడు గానీ కదల్లేదు. రాజ్యం పోయిన సంగతి పాపం అతనికి ఎవరూ చెప్పలేదు. అందుకే తిరుమల బస్సును ఆపి రాజముద్ర చూపించమంటాడు, ఎస్టీడీ బూత్‌లో దూరి రాజుగారి నంబరు అడుగుతాడు. దయానంద్ ఒక్కడే ఆడే ఈ ఆటను పెళ్ళిళ్ళలో కూడా పిలిచి ఆడించుకునేవాళ్ళు. పెళ్ళిలో దయ్యమేమిటని అడక్కండి, నవ్వొస్తే అన్నీ చెల్లుతాయి.

తిరుపతి నాటకోత్సవాల్లో ఆడాలని అతనికి ఎన్నాళ్ళ నుంచో ఆశ. ఆ ఏడాది ఉత్సవాలకు ఆటలను ఎంపిక చేసే చక్రధర్, ఏర్పేడు దగ్గర ఒక పల్లెలో ఇతని ఆట చూడటానికి ఒప్పుకున్నాడు. షరతు ఒక్కటే. ఆట మొదటి నుంచి చివరిదాకా నడవాలి, మధ్యలో ఆగితే పేరు రాసుకోడు. ఇదీ ఒక షరతేనా అని దయానంద్ నవ్వాడు. మీసాలు అంటించే అతని భార్య రెబెకా మాత్రం ప్రార్థన చేసే బయల్దేరింది.

బడి ముందర బల్లలు కలిపి వేదిక చేశారు. ఆట మొదలైన కాసేపటికే చక్రధర్ నవ్వు ఆపుకోలేక కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. దయానంద్‌కు లోలోపల పండగగా ఉంది.

సగం ఆటలో ఒక మాట వస్తుంది. బంటు ఈటె మీద ఒరిగి, "ఇంటికి పొమ్మని ఒక్కరన్నా చెప్పండప్పా, పోతా" అని జనాన్ని బతిమాలుతాడు. ఎవరూ చెప్పరు, నవ్వుతారు. ఆ నవ్వు మీదే మిగతా సగం నడుస్తుంది.

ఆ రోజు ముందు వరుసలోంచి నాగులమ్మ అనే ముసలావిడ లేచింది. ఊరి బయట చేలో పేరు తెలియని వీరుడి రాయి ఒకటి ఉంది. అది ఎప్పుడో యుద్ధంలో పోయిన తమ వంశపు పెద్దాయనదని నాగులమ్మ ఇంటివాళ్ళ నమ్మకం. ఏటా దాని ముందర సంగటి పెట్టేది ఈ ముసలావిడే.

"పో నాయనా, ఇంగ చాలు," అంది. "నిలబడి నిలబడి కాళ్ళు యెంత నొచ్చినాయో."

జనం నవ్వబోయి ఆగారు. ఆవిడకు మతి చలించిందనుకుంటే పొరపాటు. ఆ మీసాల వెనక ఉన్నది కోర్టు గుమాస్తా అని ఆవిడకూ తెలుసు. కానీ గంగజాతరలో వేషం కట్టినవాడి కాళ్ళకు మొక్కే సీమ ఇది. వేషం విప్పేదాకా వచ్చినవాడు బంటే, గుమాస్తా కాదు.

దయానంద్ చక్రధర్ వైపు ఓరగా చూసి, ఆటను కాపాడుకోవడానికి హాస్యంలోకి దిగాడు. "పొమ్మనేదానికి నువ్వెవరమ్మా? రాజు జెప్పల్ల గదా."

"రాజు యాడుండాడు నాయనా? మీ ఇంటోళ్ళం మేమే మిగిలినాము. మేము జెప్తాండాము, పో."

మిగతా ఆటంతా దయానంద్ నోట్లోనే ఉంది, మొదలుపెడితే చాలు. మొదలుపెడితే ఆవిడ మాట గాలికి పోతుంది. నిజం చెప్పాలంటే అతనికి ఏడుపొచ్చింది. ఈటె బల్ల మీద పెట్టి, ఆవిడకు దండం పెట్టి, జనం మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తోచలేదు. ముసలివాళ్ళు కొందరు లేచి దారిచ్చారు.

చక్రధర్ బడి వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. "ఇంకా సగం ఉంది కదయ్యా. మళ్ళీ ఎక్కు, నేను కూర్చుంటాను."

"పొమ్మన్నాక యెట్లుంటాడు సార్," అన్నాడు దయానంద్, మీసాలు ఊడదీసుకుంటూ. చక్రధర్ కళ్ళద్దాలు పెట్టుకుని, పేరు రాసుకోకుండానే వెళ్ళిపోయాడు.

తిరుగు బస్సులో రెబెకా మొగుణ్ణి ఊరడించబోయింది. "పోతే పోనీలే, ఇంకో ఊర్లో ఆడితే సరి."

"ఎవుర్ని పెట్టుకోని ఆడేది? వాడు ఇంటికి పొయినాడు గదా," అన్నాడు దయానంద్. ఆ మాట అని, ఏ బెంగా లేకుండా, చిత్తూరు వచ్చేదాకా హాయిగా నిద్రపోయాడు.