మెత్తని గొంతు

"నీకేంటి, రోజంతా ఫోన్లో కబుర్లు చెప్పి జీతం తెచ్చుకుంటావు," అన్నాడు మా ఆయన కీత్. ఆదివారం భోజనానికి నేను బంగాళాదుంపల తొక్క తీస్తున్నాను. అతను మ్యాచ్ చూస్తున్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ మాటకు నవ్వి టీ కలిపిచ్చేదాన్ని. నిన్న టీ ఇచ్చాను గానీ నవ్వలేకపోయాను.

నేను చెప్పే కబుర్ల మీదే మా యూనివర్సిటీ నడుస్తోంది. ఇక్కడి పిల్లలు కట్టేది మాకు ఏ మూలకూ చాలదు. విదేశాల వాళ్ల ఫీజులే మా అందరి జీతాలు. సీటు వచ్చి ఇంకా డిపాజిట్ కట్టని వాళ్లకు ఫోన్ చేసి, అమ్మ ఎలా ఉంది, వాన పడిందా అని అడుగుతూ, కట్టేదాకా వదలకపోవడం నా పని. "నీది అమ్మ గొంతు, మోరీన్ బంగారం," అంటాడు మా మేనేజర్ గ్రేమ్. ఆ గొంతును చూపించి అతను రెండు ప్రమోషన్లు కొట్టాడు. నాకు మాత్రం క్రిస్మస్‌కు ఒక చాక్లెట్ డబ్బా ఇచ్చాడు.

ఇవాళ పొద్దున గ్రేమ్ గది తలుపు మూశాడు.

"పబ్లిక్ హెల్త్ కోర్సు ఎత్తేస్తున్నాం. శుక్రవారం దాకా బయట అనకు. డిపాజిట్లు పడనీ."

"తిరిగి ఇస్తామా?"

"డిపాజిట్ ఫారంలో తిరిగి ఇచ్చేది లేదనే ఉందిగా. ఏడిస్తే నువ్వున్నావు, నచ్చజెప్తావు."

సరిగ్గా ఇదే మాట కీత్ కూడా అన్నాడు, వాళ్లమ్మను వృద్ధాశ్రమంలో చేర్చేటప్పుడు. "నువ్వే చెప్పు, నీ మాటైతే వింటుంది." నేను అత్తగారి చెయ్యి పట్టుకుని మెత్తగా చెప్పాను, రెండు వారాలే ఎడ్నా, అని. పద్నాలుగు నెలల తర్వాత అక్కడే పోయింది. చివరి వారం కూడా రెండు వారాలు అయ్యాయా అని నన్నే అడిగింది. కీత్‌ను అడగలేదు. అబద్ధం అతనిది. చెప్పిన నోరు నాది. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు.

నా జాబితాలో మొదటి పేరు ఒబియాగెలి, ఎనుగు అనే ఊళ్లో నర్సు. నాలుగు నెలలుగా మాట్లాడుకుంటున్నాం. ఫోన్ ఎత్తగానే అంది:

"ఆంటీ మోరీన్! అమ్మ కుట్టు దుకాణం బేరం కుదిరింది. రేపే సంతకాలు. సాయంత్రానికి మీ డబ్బు కట్టేస్తాను."

అవతలి గదిలో గ్రేమ్ కాల్స్ వింటాడని నాకు తెలుసు. అద్దం గోడలోంచి బొటనవేలు ఎత్తి చూపించాడు కూడా.

"దుకాణం అమ్మొద్దు," అన్నాను. "నువ్వు చేరాలనుకున్న కోర్సు ఎత్తేస్తున్నారు. డబ్బు కడితే తిరిగి రాదు."

గ్రేమ్ కుర్చీలోంచి లేచాడు.

"ఆంటీ, మీ గొంతు ఇవాళ వేరేగా ఉందేంటి?"

"ఇదే నాది," అన్నాను.