చిన్న సముద్రం అల

ఒకే ఇంటి కోడళ్లిద్దరు ఒకే ఆఫీసులో పనిచేయడం కంటే పెద్ద ప్రమాదం ఇంకోటి లేదని పెద్దకోడలి అభిప్రాయం. ప్రమాదాలను కొలవడమే ఆ ఆఫీసు పని. భూమి కంపించినా, నీటి అడుగున కొండచరియ జారినా, సునామీ ఏ ఒడ్డుకు ఎంత ఎత్తున వస్తుందో అక్కడ లెక్కకడతారు. పెద్దకోడలికి చిన్న సముద్రం అప్పగించారు. ఆమె తరవాత కొన్నేళ్లకు చేరిన చిన్నకోడలికి లోతు సముద్రం దక్కింది. రెండూ చుట్టూరా నేల మూసేసిన సముద్రాలే. అల లేచిందంటే బయటికి పోయే దారి లేక ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ కొట్టుకుంటూనే ఉంటుంది.

కానీ లోతు సముద్రం హోదాయే వేరు. విలేకరులు వస్తే దాని గురించే అడిగేవారు. చివరికి అత్తగారు కూడా పక్కింటావిడతో, "మా చిన్నదాని సముద్రంలో అల రెండంతస్తుల ఎత్తు లేస్తుందట!" అని గొప్పలు పోయేది, ఆ అలను చిన్నకోడలే కని పెంచినట్టు. పెద్దామెదో అని ఆవిడ అడిగితే, "దానిదేముందిలే, మనిషిని ముంచితే గొప్ప" అని చప్పరించేసేది. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న పెద్దకోడలికి ఒళ్లు మండిపోయేది. గిన్నెలకు ఆ సంగతి బాగా తెలుసు.

ఈ ఏడాది హెచ్చరిక సైరన్లు ఒక్క సముద్రం చుట్టూ పెట్టడానికే వీలుందని డైరెక్టరు చెప్పాడు. రెండు సముద్రాల ప్రమాదాన్నీ పోల్చి ఒకే పట్టికలో చూపించమన్నాడు. పెద్దకోడలికి ఆ సైరన్లు నిజంగా కావాలి. చిన్న సముద్రం ఒడ్డునే ఆమె తమ్ముడు పడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డు నడుపుతున్నాడు. చేతిలో పానా ఉంటే, సముద్రం గుమ్మం దాకా వచ్చినా తలెత్తి చూసే రకం కాదు వాడు.

చిన్నకోడలు తన లెక్కలు పంపింది. పట్టిక కూర్చే పని పెద్దకోడలిది. ఒడ్డు దగ్గర అల ఎత్తు: లోతు సముద్రంలో ఆరు మీటర్లు, చిన్న సముద్రంలో రెండు. మునిగే నేల చూస్తే అక్కడా దానిదే ఎక్కువ. అల ఒడ్డు చేరే సమయం: లోతు సముద్రంలో నలభై నిమిషాలు, చిన్న సముద్రంలో నాలుగు. "ఇందులోనూ దానిదే పైచేయా!" అని పళ్లు నూరింది. ఇన్ని వరుసలు తెర మీద పట్టవని తనకు తానే నచ్చజెప్పుకొని, సమయం వరుస మొత్తం కొట్టేసింది. తన సముద్రంలో ఒక ఇరుకు కాలువ ఉంది. దాని చివర అల ఎంత ఎగబాకుతుందో వెతికి పట్టుకుని, ఎత్తు దగ్గర రెండు తీసేసి నాలుగున్నర అని వేసింది.

డైరెక్టరు కళ్లజోడు సవరించుకుని పట్టిక చూశాడు.

"ఇదేంటమ్మా, ఆవిడది ఒడ్డు దగ్గర కొలిచారు, మీది కాలువ చివర కొలిచారు. ఒకరిని నేల మీద, ఒకరిని స్టూలు మీద నిలబెట్టి ఎత్తు చూస్తామా? అయినా ఆరే ఎక్కువ కదా. సైరన్లు లోతు సముద్రానికి రాసేద్దాం."



"ఒక్క నిమిషం సార్," అంది చిన్నకోడలు. "ఇందులో సమయం జారిపోయినట్టుంది. నా వైపు అల రావడానికి నలభై నిమిషాలు పడుతుంది. పోలీసులు జీపులో తిరిగి చెప్పినా జనం మెరక ఎక్కేస్తారు. అక్క వైపు నాలుగే నిమిషాలు సార్. ఆ లోపు మనం ఇక్కడ కుర్చీలోంచి కూడా లేవలేం. మనిషిని లాక్కుపోవడానికి రెండు మీటర్లు చాలు. సైరన్లు అక్క ఒడ్డునే ఉండాలి, కుదుపు తగలగానే వాటంతటవే మోగాలి."

పెద్దకోడలికి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లుగా ఇవే లెక్కలు చేస్తున్న మనిషి! నాలుగు పక్కన నలభై కనబడగానే ఏది పెద్దదని చూసిందే తప్ప, ఏది ఘోరమని చూడలేదు. తమ్ముడి ప్రాణం ఉన్న వరుసను తన చేత్తోనే చెరిపేసింది.

"ఇంత ముఖ్యమైంది ఎలా జారిందమ్మా?" అన్నాడు డైరెక్టరు, సైరన్లు చిన్న సముద్రానికి మార్చి రాస్తూ.

"తెర మీద పట్టి ఉండదు సార్," అంది చిన్నకోడలు, తడుముకోకుండా.

తెలిసే అందా, తెలియక అందా? పెద్దకోడలు ఎంత చూసినా ఆ మొహంలో ఏమీ దొరకలేదు. దెప్పిపొడిచినా బాగుండేది, తిరిగి నాలుగు అనొచ్చు. ఇలా కాపాడితే ఏం చెయ్యాలి?

సాయంత్రం బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. తమ్ముడు ఫోను చేశాడు. కబురు అప్పుడే ఒడ్డుకు చేరిపోయింది.

"అక్కా, మా వైపు సైరన్లు ఇప్పించావట కదా! నువ్వుండగా మాకేం భయమే!"

ఆ మెప్పు తనే ఉంచేసుకుందామని చూసింది, మనసొప్పలేదు.

"నేను కాదురా," అంది. "ఇప్పించింది ఇదిగో, ఈవిడ." ఫోను చిన్నకోడలి చేతిలో పెట్టేసింది.

అవతల వాడు ఏమన్నాడో గానీ, చిన్నకోడలు పకపకా నవ్వింది. "అయ్యో, నాదేముంది తమ్ముడూ" అంటోంది. వాడి గొంతు బయటికే వినిపిస్తోంది: "కాదు చిన్నక్కా, ఈసారి మా ఇంటికి ముందు నువ్వే రావాలి!"

పెద్దకోడలు కిటికీ వైపు తిరిగింది. వాడు క్షేమంగా ఉంటాడు, అంతకంటే ఏం కావాలి? అయినా ఆ పిలుపేంటి? చిన్నక్కట! తనను ఒక్కనాడైనా ఇంతలా నవ్వించాడా వీడు?

"ఫోను ఇలా తే," అంది చెయ్యి చాపి. "చార్జింగు అయిపోతోంది."