వెనక తలుపు

రేపు లాయరు ఆఫీసులో సంతకం పెట్టేది నేను. ఇస్త్రీ చొక్కా మాత్రం జయకుమార్‌కి కావాలి. "ఆ తెల్లది తియ్యి వేణీ, కాలరు బాగా నొక్కు. పెద్దాఫీసు లా, మనల్ని సూసి తోటల్లో కూలికెళ్ళే ఎస్టేటు మనుసులు అనుకోకూడదు" అని, ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలిస్తూ, హాల్లోంచి అరిచాడు. నేనేం కట్టుకుని వెళ్ళాలో ఎవరికీ పట్టలేదు. నేను వేర్‌హౌస్ యూనిఫాంలో వెళ్ళినా నా సంతకం చెల్లుతుంది. అతను పట్టుబట్టలు కట్టుకుని వెళ్ళినా అతనిది చెల్లదు. ఈ మాట మాత్రం మా ఇంట్లో ఎవరూ పైకి అనరు.

పోర్ట్ క్లాంగ్‌లో సొంతంగా కంటెయినర్ లారీ నడుపుతానని తెచ్చిన అప్పు జయకుమార్ కట్టలేదు. లారీని బ్యాంకువాళ్ళు పట్టుకుపోయారు. అప్పటినుంచి ఏ బ్యాంకుకి వెళ్ళినా కంప్యూటర్లో అతని పేరు కొట్టగానే తల అడ్డంగా ఊపుతారు. నా పేరు శుభ్రంగా ఉంది. పెళ్ళికి ముందునుంచీ రేవు దగ్గర అదే వేర్‌హౌస్‌లో సరుకు సరిచూసే పని నాది. నెలనెలా జీతంలో కోతపడి ఈపీఎఫ్‌లో పోగైన సొమ్ము నాది. ఇన్నేళ్ళ కాపురంలో నాలో అతను మెచ్చుకున్నది ఈ శుభ్రమైన పేరొక్కదాన్నే. "నీ పేరు మీదే కొంటన్నాను వేణీ. ఇంటికి రాణివి నువ్వే లా. ఇంకేటి కావాల నీకు?" అన్నాడు. నమ్మాను. నమ్మడమే కాదు, సిగ్గు లేకుండా మురిసిపోయాను. వేర్‌హౌస్‌లో నాతో పనిచేసే ఆడవాళ్ళందరికీ చెప్పుకున్నాను, మా ఆయన ఇల్లు నా పేరు మీద కొంటున్నాడని. నా డబ్బుతో, నా అప్పుతో కొంటున్నాడని మాత్రం చెప్పలేదు. అప్పటికి నాకూ ఆ సంగతి తట్టలేదు.

ఇంటిని వెతికి పెట్టింది మా అత్త దాలమ్మ. ఉగాది ఫంక్షన్‌లో భోజనాల దగ్గర ఎవరో చెప్పారట, కాపార్ వైపు వరసలో గోడకు గోడ ఆనుకుని ఉండే టెరస్ ఇల్లొకటి అమ్మకానికి ఉందని, అమ్మేది యోగేశ్వరి అని, మన తెలుగువాళ్ళుండే సుంగై సుమున్ ఊరి మనిషేనని. అత్తది కూడా సుంగై సుమునే. "మనోళ్ళే" అంది, అంతకంటే పరిశీలన అక్కర్లేదన్నట్టు. యోగేశ్వరి మొగుడు శివనేశన్ ఆమెనూ కూతురినీ వదిలి జొహోర్ వెళ్ళిపోయి, ఫోను కూడా ఎత్తడం లేదు. ఇల్లు అమ్మితే వచ్చేదానికంటే దాని మీద ఉన్న అప్పే ఎక్కువ. అందుకని బ్యాంకు ఒక మెట్టు దిగింది. తక్కువకైనా సరే, గడువులోపల అమ్ముడుపోతే వచ్చింది తీసుకుని మిగతా అప్పు వదిలేస్తానంది. అమ్ముడుపోకపోతే వేలం, ఇక్కడ అందరూ లెలాంగ్ అంటారే, అదీ. అందులో ఎంతకు పోయినా మిగిలిన అప్పంతా యోగేశ్వరి మెడకే చుట్టుకుంటుంది. "పీకల దాకా మునిగిపోయినాది, ఎంతకైనా ఒప్పేసుకుంటాది" అని కారులో జయకుమార్ స్టీరింగు మీద వేళ్ళతో దరువు వేశాడు. మనోళ్ళమే కదా అని ధర ఇంకాస్త, ఇంకాస్త తగ్గించమన్నాడు. ఆమె ప్రతిసారీ సరేనంది. బ్యాంకు ఒప్పుకునేదాకా నెలల తరబడి ఆగాలి కదా, ఆ నెలలన్నీ ప్రతి ఆదివారం మేం ఆమె ఉంటున్న ఇంటికి మా ఇంటికి వెళ్ళినట్టు వెళ్ళొచ్చాం.

మొదటి రోజే అత్త అడక్కుండా ఆమె బీరువా తలుపు తెరిచి చెద ఉందేమోనని లోపల చెయ్యి పెట్టి తడిమింది. ఆమె మంచం మీద కూర్చుని గాలి వస్తోందో లేదో చూసింది. "మొగుడు సచ్చినాడా, వదిలీసినాడా?" అని కర్టెన్ గుడ్డ నలుపుతూ అడిగింది, ఆ రెండిటికీ ధర వేరన్నట్టు. యోగేశ్వరి మా అందరికీ మైలో పొడి వేడి పాలల్లో కలిపి తెచ్చి ఇచ్చింది. "కర్టెన్లు ఇక్కడే ఉంచీ. ముంగిట్లో కరివేపాకు సెట్టు పీకకు, అది ఇంటితోనే" అంది అత్త గ్లాసు అందుకుంటూ. "అది నాను పాతినాను అత్తా" అంది యోగేశ్వరి. "పాతితే పాతినావు లా" అంది అత్త. నేనేమన్నాను? నేను గ్లాసులు తీసి కడిగాను. ఎవరి ఇంట్లోనైనా నాకు ముందు కనిపించేది సింకే.

తర్వాత గదులు పంచుకున్నారు. బాత్రూం ఉన్న పెద్ద గది అత్తకి, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ముందు గది జయకుమార్ ఆఫీసుకి. "ఇల్లు సేతికొచ్చినాక దాని మీద సిన్న లోను తీసి మళ్ళీ లారీ దింపుతాను" అని తిబన్‌తో ఫోనులో చెబుతుంటే విన్నాను. తిబన్ అతని పాత లారీ స్నేహితుడు. మరి నాకో అని నవ్వుతూనే అడిగాను. "నీకు అంత పెద్ద వంటిల్లు కదా" అన్నాడు, అంతే సరదాగా. అత్త కూడా నవ్వింది. ఆ రోజునుంచి పనిలో పెట్టెల మీద నంబర్లు చూస్తూ చూస్తూ ఆగిపోయేదాన్ని. నేను ఏళ్ళ తరబడి కట్టబోయే ఇంట్లో నేను కూర్చునే చోటు ఎక్కడా అని వెతుక్కునేదాన్ని. దొరికేది కాదు.

ఇవాళ పొద్దున అత్త నాకొక పని చెప్పింది. "ఇల్లు ఖాళీ సేసిన రోజు ఆ యోగేశ్వరి ముంగిట్లోంచి దిగకూడదు. మొగుడు ఎల్లిపోయిన ఆడది గుమ్మం దాటితే ఆ దరిద్రం గుమ్మంలోనే నిలబడిపోద్ది. మనం అక్కడ పాలు పొంగించాల. ఎనకమాల తలుపులోంచి పొమ్మను. ఇప్పుడే ఎల్లి సెప్పిరా, నువ్వైతే ఆడకూతురివి, మెల్లిగా సెప్తావు." జయకుమార్ విననట్టు షూ తుడుచుకుంటున్నాడు. ఇంట్లో చెప్పరాని మాటలన్నీ మెల్లిగా చెప్పే ఉద్యోగం కూడా నాదే. అలాగేనని వెళ్ళాను.

యోగేశ్వరి వంటింట్లో గిన్నెలు అట్టపెట్టెల్లో సర్దుతోంది. నన్ను చూసి స్టవ్ వెలిగించింది. మైలో వద్దన్నా కలిపింది. చెప్పాను. చెబుతున్నంతసేపూ గ్లాసులోకే చూశాను. ఆమె పకపకా నవ్వింది. "ఎనకనుంచి పొమ్మన్నాదా? పోతాన్లే సెల్లీ. కావాలంటే కిటికీలోంచి దూకి పోతాను. బ్యాంకు గడువు రేపటితో సరి. నువ్వు సంతకం పెట్టు, సాలు." అక్కడితో లేచి రావాల్సింది. కానీ ఎన్నాళ్ళనుంచో నోట్లో నానుతున్న ప్రశ్న అడిగేశాను. "అక్కా, ఇల్లు కొన్నాది బావ కదా, అప్పంతా నీ మీద ఎలాగొచ్చినాది?"

ఆమె గిన్నె తుడుస్తూనే చెప్పింది, ఎన్నిసార్లో చెప్పి అలవాటైన కథలా. "ఆయన పేరు అప్పటికే బ్యాంకుల్లో పాడైపోనాది. 'నీ పేరు మీదే కొంటన్నాను యోగీ, ఇంటికి రాణివి నువ్వే' అన్నాడు. మురిసిపోయినాను. ఈదిలో అందరికీ సెప్పుకున్నాను. తరవాత వ్యాపారం పెడతానని ఇంటి మీద మళ్ళీ లోను తీసినాడు. ఆ సంతకమూ నాదే." అప్పుడు నా మొహం చూసింది. ఆమె చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. "మీ ఆయన అలాంటోడు కాదులే" అంది హడావిడిగా. "మీ ఆయన మంచోడు, నాను సూసినాను కదా."

తెలుసు ఆమెకి. మొదటి ఆదివారం నుంచీ తెలుసు. మా ఆయన పేరు ఏ కాగితం మీదా ఎందుకు లేదో అడగకుండానే అర్థమై ఉంటుంది. నన్ను ఒక్కసారి పక్కకు పిలిచి ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఆమె బయటపడాలంటే ఆమె దిగబడిన చోట నేను దిగబడాలి. ఆమె స్థానంలో నేనున్నా నోరు మూసుకుని మైలో కలిపేదాన్ని. అందుకే నాకు కోపం రాలేదు. భయం వేసింది. "అక్కా, నాను రేపు సంతకం పెట్టను" అన్నాను.

ఆమె ముందు నవ్వింది. తర్వాత బతిమాలింది. తర్వాత "నీకు పిల్లల్లేరు కదా, నీకేటి తెలుస్తాది, నా కూతురు మొహం సూడు" అంది. అది నా పుండని ఆమెకు తెలుసు, తెలిసే వేలు పెట్టింది. నేను హ్యాండ్‌బ్యాగు తీసుకుని లేచేసరికి నేల మీద కూలబడి నా కాళ్ళు రెండూ పట్టుకుంది. "లెలాంగ్‌లో పడితే నా బతుకు తెల్లారిపోద్ది సెల్లీ. రేపు పెట్టు, ఎల్లుండి నీ మొగుడితో ఏదో ఒకటి తేల్చుకో." నాకంటే పెద్దది. తడి చేతులు. నేను వంగి ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాను. ఆమె పాక్కుంటూ వెళ్ళి హాలు గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. నాకు ఇంకో దారి లేకపోయింది. వంటింట్లోంచి, వెనక తలుపు తీసుకుని బయటికొచ్చాను. సందులో మురుగుకాలువ పక్కన నడుస్తుంటే ఆమె నన్ను తిట్టే తిట్లు వినిపించాయి. అవన్నీ నాకు తగిలేవే.

ఇప్పుడు కాలరు నొక్కడం అయిపోయింది. చొక్కా హేంగరుకి తగిలించి హాల్లోకి తీసుకెళ్ళి అతని చేతికిచ్చాను. "నాను రేపు రాను. ఆ ఇల్లు నీ పేరు మీదే కొనుక్కో" అన్నాను.

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి లేచి నిలబడ్డాడు. అడ్వాన్సు పోతుందన్నాడు, అదీ నాదేనన్నాను. ఊళ్ళో తలెత్తుకోలేనన్నాడు. అత్త టీవీ కట్టేసి, పిల్లాజెల్లా లేని దానికి ఇల్లెందుకనుకుందేమో అంది. ఏవీ పని చెయ్యకపోయేసరికి జయకుమార్ గొంతు మారింది, చాలా మెత్తబడింది. "మరి ఆ యోగేశ్వరక్క ఏటైపోద్ది వేణీ? పాపం లా, మొగుడు లేని మనిసి. లెలాంగ్‌లో పడేస్తావా?" అన్నాడు. ఇంకాస్త తగ్గించమని ఆమెను పిండిన నోటితోనే అన్నాడు. "సాటి ఆడదానివి కాదేటే?" అంది అత్త. "జాలి లేదేటి నీకు?"

ఇస్త్రీ బల్ల మీద నా ఫోను మోగుతోంది. ఎవరిదో చూడక్కర్లేదు.

"లేదు" అన్నాను.

ఉంది. పొద్దున్నుంచీ ఆ తడి చేతులు నా కాళ్ళను వదల్లేదు. రేపు గడువు దాటాక ఆమెకేమవుతుందో ఈ ఇంట్లో నాకొక్కదానికే నిద్ర పట్టకుండా తెలుస్తుంది. కానీ అప్పులాగే ఆ జాలి కూడా వీళ్ళకు నా పేరు మీదే కావాలి.

ఇస్త్రీపెట్టె ఇంకా వేడిగానే ఉంది. వెళ్ళి రేపటి షిఫ్టుకి నా యూనిఫాం బల్ల మీద పరిచాను.