బస్సెడు మందితో బొట్టు పిలుపు

నేను ఒక గొడుగును. ఎర్రటి గుడ్డ, వంపు తిరిగిన కర్రపిడి. నన్ను కుట్టినవాడు వానకోసమే కుట్టాడు గానీ, నేను వానలో తడిసింది తక్కువ, మనుషుల మతిమరుపులో నానింది ఎక్కువ. మొదట నన్ను కొన్న బడిపంతులు తొలి వాన వెలవగానే టీకొట్టులో వదిలేశాడు. టీకొట్టువాడు "ఎవరిదో పాపం" అంటూనే ఇంటికి పట్టుకుపోయాడు. అతని బావమరిది ఒక్కపూటకని అడిగి తీసుకుని మరి ఇవ్వలేదు. గొడుగుల లోకంలో దొంగతనం లేదు, అంతా అరువే.

ఆ బావమరిదే గౌరునాయుడు. విశాఖపట్నంలో పర్యాటకుల బస్సుకి గైడు. పొద్దున జలపాతం, మధ్యాహ్నం భీమిలి, చీకటి పడేలోగా ఇల్లు. మైకు పట్టుకుంటే అచ్చం పుస్తకంలా మాట్లాడతాడు, ఏ పుస్తకంలోనూ లేని సంగతులు. ఒకరోజు ఆ జలపాతం భీముడి గదదెబ్బకి పుడుతుంది. బస్సులో నామాలవాళ్లు ఎక్కువగా ఉంటే అదే ధార రాముడి బాణానికి పుడుతుంది. నీళ్లకి ఏ అభ్యంతరమూ లేదు. నన్ను పైకెత్తి మాత్రం రోజూ ఒకే మాట చెప్పేవాడు: "గొడుగు ఎటు వెళితే అందరూ అటే రావాలి. గొడుగుని వదిలారా, గోవిందా."

ఆ రోజు పైడమ్మ అనే పెద్దావిడ బస్సెక్కింది. జలపాతం కింద అందరూ కేరింతలు కొడుతుంటే ఆవిడ బండమీద కూర్చుని కొంగుముడి తడుముకుంటోంది. ముడిలో కుంకుమభరిణె. పక్కన కూర్చున్న కొత్త పెళ్లికూతురికి తన గోడంతా చెప్పుకుంది గనక నాకూ తెలిసింది. ఆవిడ అక్క నూకాలమ్మది భీమిలి. పైడమ్మ తన కొడుకు పెళ్లికి అక్కని స్వయంగా వెళ్లి బొట్టు పెట్టి పిలవకుండా, ఎవరిచేతో కబురంపి ఊరుకుంది. అక్క పెళ్లికి రాలేదు సరికదా, ఆనాటినుంచి మాటలే లేవు. ఆ కొడుకు కూతురికే ఇప్పుడు పెళ్లి కుదిరింది. అక్క లేకుండా ఇంకో పెళ్లి జరిపించడం పైడమ్మ వల్ల కాదు. వెళ్లి బతిమాలతానంటే ఇంట్లో వాళ్లు వెళ్లనివ్వరు. అందుకే జలపాతం చూసొస్తానని టిక్కెట్టు తీయించుకుంది.

భీమిలిలో డచ్చివారి సమాధుల దగ్గర ఎండ మాడు పగలగొడుతోంది. గౌరునాయుడు కొత్త జంటకి ఫోటో తీస్తున్నాడు.

"ఆ గొడుగోపాలి ఇయ్యి బాబూ," అంది పైడమ్మ. అతను చూడకుండానే ఇచ్చేశాడు.

ఆవిడ నన్ను విప్పి, గేటు దాటి, సందులోకి తిరిగింది. జనం కళ్లు ఫోన్లలోనే ఉన్నా ఎర్రరంగు కదిలిన సంగతి మాత్రం పసిగట్టారు. ఒకరి వెనక ఒకరు మొత్తం బస్సంతా కదిలింది. పైడమ్మకి కాస్త చెవుడు. నాకు నోరు లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదు.

నూకాలమ్మ అరుగుమీద ఎండుచేపలు ఏరుతోంది. తలెత్తి చెల్లెల్ని చూసింది. చెల్లెలి వెనక సందునిండా జనాన్ని చూసింది.

"పెద్దమనుషుల్ని తోలుకొచ్చీసినావేటే? నామీద తగువెట్టిస్తావా?"

పైడమ్మ వెనక్కి తిరిగి నోరెళ్లబెట్టింది. ఈలోగా జనం ఇంటి పెంకులకి ఫోటోలు మొదలుపెట్టారు. ఒకాయన నూకాలమ్మనే అడిగాడు, ఈ ఇల్లు కూడా డచ్చివాళ్లు కట్టిందేనా అని.

"మా మాంగారు కట్టేరు," అందావిడ.

గౌరునాయుడు రొప్పుతూ వచ్చిపడ్డాడు. దారిలో ఆ కొత్త పెళ్లికూతురు పైడమ్మ సంగతంతా అతని చెవిన వేసినట్టుంది. మైకు సవరించుకున్నాడు. "మీరిప్పుడు చూడబోయేది బొట్టు పిలుపు. శుభకార్యానికి ఇలా పిలవకపోతే తోడబుట్టిన అక్కయినా గడప దాటి రాదు." పొద్దుటినుంచీ అతని నోట వచ్చిన మొదటి నిజం అదే.

పైడమ్మ భరిణె తీసింది. ఆవిడ చేతి చెమటకి నా పిడి తడిసిపోయింది. "తప్పయిపోనాది అప్పా. మనవరాలు గుంట పెళ్లి. నువ్వు రావాలే."

నూకాలమ్మ ఎండుచేప ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. నిజం చెప్పాలంటే అప్పుడు నా కమ్మీలన్నీ బిగుసుకుపోయాయి. చివరికి ఆవిడ చేతులు చీరకి తుడుచుకుని, కళ్లు పక్కకి తిప్పుకునే, నుదురు మాత్రం ముందుకి పెట్టింది. బొట్టు పడగానే జనం చప్పట్లు కొట్టారు.

"బొట్టెట్టించుకున్నాను. వొస్తానని సెప్పలేదు," అంది నూకాలమ్మ.

బస్సు హారను మోగింది. పైడమ్మ కళ్లొత్తుకుంటూ వెళ్లిపోయింది, నన్ను అరుగుమీదే వదిలేసి. మరిచిపోయిందో, కావాలనే వదిలిందో నేను చెప్పను. గౌరునాయుడు ఇప్పుడు జెండా పట్టుకుని తిరుగుతున్నాడట. జెండాకింద నీడ ఉండదు గనక ఎవరూ అరువడగరు.

పెళ్లి ముందురోజు నూకాలమ్మ నన్ను విప్పుకుని విశాఖపట్నం వచ్చింది. పందిరి దగ్గర నిలబడి లోపలికి అడుగెయ్యలేదు. పైడమ్మ పసుపు చేతులతో పరుగెత్తుకొచ్చింది.

"నీ గొడుగు నీకిచ్చీసి ఎల్లిపోదామనొచ్చినాను," అంది అక్క. ఒక చేతిలో నేను, చంకలో వారానికి సరిపడా బట్టల మూట.

పైడమ్మ నన్ను అందుకోలేదు. మూట అందుకుంది.