మూడో ఫ్లాపీ

డిస్కులమ్మ ఏ ఫ్లాపీనైనా ముందు చెవి దగ్గర పెట్టుకుని వినేది, పుచ్చకాయ తట్టి చూసినంత మామూలుగా. పాడైనదైతే లోపల ఇసుక జారుతున్నట్టుండేది. మంచిదైతే, దాన్ని వాడబోయే చోట కాసేపట్లో ఏం జరుగుతుందో ముందే వినిపించేది. ఆఫీసుకని చేసినదాంట్లో కుర్చీలు జరిపిన చప్పుడు, ప్రెస్సుకని చేసినదాంట్లో కాగితాల రెపరెపలు. ఊళ్లో ఎవరికీ ఇదొక వింత కాదు. ఆవిడ వింటున్నంతసేపూ ఫ్యాను కట్టేసేవాళ్లు, అంతే.

మూడు రోజులు ఆగకుండా వాన కురిశాక, నాలుగో రోజు పొద్దున్నే ఏటి గేట్ల దగ్గర్నుంచి ఆవిడ కోసం జీపు వచ్చింది. గేట్లు ఎత్తే కంప్యూటరు లేవడం లేదు. ముప్పై ఏళ్ల పాతది. దాని హార్డ్ డిస్కు చచ్చిపోయింది. ఆ కాలం నాటి సిస్టమ్‌ని ఒక ఫ్లాపీలోకి ఎక్కించి, దాంతో లేపాలి.

"ఎంత టైముంది సార్?"

"పన్నెండులోపు గేట్లు లేవకపోతే కట్ట నిలవదమ్మా." ఇంజనీరు మెల్లగా అన్నాడు. అరిచి చెప్పినా ఆవిడకి అంత భయం వేసేది కాదు. కట్ట కింద వీధిలోనే ఆవిడ మరదలూ, తమ్ముడి ఇద్దరు పిల్లలూ ఉన్నారు.

పక్క గదిలో లెక్కలు రాసే కంప్యూటరు కూడా ఆ వయసుదే, ఇంకా నడుస్తోంది. దాని ముందు కూర్చుంది. మొదటి ఫ్లాపీలో ఇసుక. రెండోది సగం ఫార్మాట్ అయ్యాక మొరాయించింది. మూడోదాంట్లోకి సిస్టమ్ ఎక్కింది, దాని వెనకాలే ఆ కంప్యూటర్లో దాచి ఉంచిన గేట్ల ప్రోగ్రామూ ఎక్కింది. ఆవిడ గేట్ల కంప్యూటరు ముందుకొచ్చి కూర్చుని, ఫ్లాపీ చెవి దగ్గర పెట్టుకుంది. ఇంజనీరు ఫ్యాను కట్టేశాడు.

ముందు ఇనుము మూలిగింది. తర్వాత నీళ్ల హోరు. ఆ హోరులో ఎవరో రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. తర్వాత ఒట్టి నీళ్లే.

 మాట మొదలెట్టేముందు అలా గొంతు సవరించుకునేది ఆవిడ తమ్ముడే. గేట్లలో ఇరుక్కున్న కొమ్మలు తీసే పని అతనిది.

"మా తమ్ముడెక్కడ సార్?"

"అందరూ పైకొచ్చేశారమ్మా. ఇదిగో, పైకొచ్చాక రిజిస్టర్లో పెట్టిన సంతకం."

సంతకం వాడిదే, వంకరటింకరగా ఉంది. ఫోన్ చేస్తే గోడకి తగిలించిన చొక్కా జేబులో మోగింది.

"వాడు కిందే ఉన్నాడు. వాడొచ్చేదాకా ఇది పెట్టను."

ఇంజనీరు వాదించలేదు. ఆవిడ విన్నదాన్ని కాదనే అలవాటు ఎవరికీ లేదు. తనే ఇనుప మెట్లు దిగి పరిగెత్తాడు.

గదిలో ఆవిడ ఒక్కతే మిగిలింది. కిటికీలోంచి చూస్తే నీళ్లు కొలత రాతి మీద ఎర్రగీతని ముంచేశాయి. తమ్ముడు ఒకవైపు, వాడి పిల్లలు ఇంకోవైపు. ఒకసారి చెయ్యి డ్రైవు దాకా వెళ్లింది కూడా. వెనక్కి లాక్కుని, ఆ చేతిని తొడ కింద అదిమిపెట్టుకుని కూర్చుంది.

పన్నెండుకి ఏడు నిమిషాలుందనగా అడుగుల చప్పుడు వినిపించింది. ఒళ్లంతా బురదతో తమ్ముడు, వెనకాలే రొప్పుతూ ఇంజనీరు.

"సంతకం పెట్టాక దుంగొకటి అడ్డం పడిందక్కా. తియ్యకపోతే గేటు పట్టేస్తుందని మళ్లీ దిగాను. దానికి సార్‌నే పరిగెత్తించాలా?"

ఆవిడ డ్రైవు వైపు తిరిగింది. ఫ్లాపీ తోసింది. డ్రైవు గరగరమంది, తెరమీద అక్షరాలు లేచాయి. బయట గేట్లు మూలుగుతూ పైకి కదిలాయి. గేట్ల కింద, ఇందాక తమ్ముడు దుంగ తీస్తూ నిలబడ్డ ఇనుప నడవా పుల్లలా వంగి, ఊడి, నీళ్లలో కలిసిపోయింది.

అతను కిటికీ దగ్గర అది చూశాడు.  తర్వాత వచ్చి అక్క కుర్చీ పక్కన నేలమీద కూలబడ్డాడు.

"మీ మరదలికి చెప్పకే."

"చెప్పన్లే," అంది.

అని అతని మణికట్టు పట్టుకుంది. సాయంత్రం జీపు ఇంటి ముందు ఆగేదాకా ఆ చెయ్యి వదలడానికి ఆవిడకి ధైర్యం చాలలేదు.