ఒకే పుట్టిన తేదీ

బాయిలర్ పగిలిన వారమే బ్యాంకువాళ్ళు నాకు లోను ఇవ్వం పొమ్మన్నారు. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే. ఆవిరి లేకపోతే నా లాండ్రీయే లేదు. హోటలు దుప్పట్లు తడి గుట్టలుగా పడి ఉన్నాయి. వచ్చే నెలాఖరుకి కొత్త బాయిలర్ రాకపోతే వేరే చోట ఇచ్చుకుంటామని హోటలు మేనేజరు ముఖం మీదే చెప్పేశాడు.

"మీ క్రెడిట్ రిపోర్టులో కట్టకుండా వదిలేసిన అప్పు ఉందమ్మా," అన్నాడు బ్యాంకు ఆఫీసరు, స్క్రీను మీంచి కళ్ళు తిప్పకుండా.

"నాకా? ఇస్త్రీ పెట్టె కూడా రొక్కమిచ్చి కొన్నదాన్ని బాబూ!"

"రిపోర్టు అలాగే చెబుతోంది మరి."

ఒళ్ళు మండింది. "ఆ రిపోర్టేదో నేను చూడొచ్చా, చూడకూడదా?"

అప్పుడు తలెత్తాడు. చూడటం నా హక్కేనట. ఏడాదికోసారి ఆ రిపోర్టు తయారుచేసే కంపెనీ డబ్బు తీసుకోకుండా ఇవ్వాలట. తప్పుంటే ఫిర్యాదు చేయొచ్చట, నెలలోగా విచారించి సరిదిద్దాలట. అడిగేదాకా ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇక బ్యాంకు పెడుతుందా!

రిపోర్టు చేతికొచ్చాక చూస్తే ఆ అప్పు దగ్గర పుట్టిన తేదీ నాదే, చిరునామా మా పాత ఇల్లే. ఫోను నంబరు మాత్రం చెల్లెలిది.

చిన్నప్పుడు నాన్న మా ఇద్దర్నీ ఒకే రోజు బడిలో వేశాడు. తేదీలు గుర్తు లేవంటే హెడ్మాస్టరు ఇద్దరికీ ఒకటే రాసి పారేశాడు. ఏడాదిన్నర తేడా ఉన్న అక్కచెల్లెళ్ళం కాగితాల మీద కవలలమైపోయాం. ఇద్దరి పేర్లలోనూ నాయనమ్మ పేరే, నాకు ముందు తగిలించారు, దానికి వెనక. దాని మీద ఎన్నేళ్ళు నవ్వుకున్నామో! కంప్యూటరు నవ్వలేదు, ఇద్దర్నీ ఒక్కరిగా కట్టేసింది.

కోపంగా చెల్లెలింటికి వెళ్ళాను. వంటింట్లో గిన్నెలు తోముతోంది. రిపోర్టూ, నేను నింపాల్సిన ఫిర్యాదు కాగితమూ దాని ముందు పెట్టాను.

"ఎందుకు తెచ్చావే ఈ అప్పు?"

తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది.

"నోట్లో ఏమైనా పెట్టుకున్నావా?"

"నీ ఆపరేషన్‌కి."

"చీటీ డబ్బులన్నావుగా?"

"ఆ చీటీ ఎప్పుడో మునిగిపోయిందక్కా. అప్పని చెబితే నువ్వు ఆపరేషన్ వద్దనేదానివి. పనిచేసే కొట్లో నన్ను ఒంటిపూటకి కుదించేదాకా కడుతూనే వచ్చాను. తర్వాత వాళ్ళు ఫోన్లు చేస్తే తియ్యలేదు."

నేను అక్కడే కింద కూర్చుండిపోయాను. బతికి ఉన్నందుకు సిగ్గేసింది, నిజం చెప్పాలంటే.

చెయ్యి తుడుచుకుని అదే ఫిర్యాదు కాగితం నా ముందుకు జరిపింది. "రాయి. నీది కాదుగా."

"రాస్తే నీ రిపోర్టులోకి పోతుందే."

"పోతుంది. మా ఆయన పెట్టిన వ్యాను లోనుకి మా ఇద్దరి రిపోర్టులూ అడిగారు. ఆయనకి తెలిసిపోతుంది."

మా మరిది అప్పంటే అగ్గి మీద గుగ్గిలమయ్యే మనిషి. వ్యాను కోసం మూడేళ్ళుగా కలలు కంటున్నాడు. ఈ మచ్చ తన పెళ్ళాం పేరు మీద చూస్తే ఏమంటాడో మా ఇద్దరికీ తెలుసు. అలాగని నేను రాయకపోతే లాండ్రీ మూతపడుతుంది, నా దగ్గర పనిచేసే ఆడవాళ్ళు వీధిన పడతారు. హక్కు నాది, అనుమానం లేదు. దాన్ని వాడుకోవడానికే చెయ్యి రాలేదు.

'ఈ అప్పు మీదేనా?' అని అడుగుతోంది కాగితం. 'కాదు' అని రాసి సంతకం పెట్టాను. అక్షరం అబద్ధం లేదు. అయినా దొంగతనం చేసినట్టే అనిపించింది.

"రేపు పోస్టు చేద్దువులే అక్కా, ఇక వెళ్ళు. ఆయన వచ్చే వేళైంది," అంది చెల్లి.

"అందుకే కూర్చున్నా."

"దేనికి?"

"ఆ అప్పు దేనికో నా నోటితో చెప్పడానికి. పొట్ట మీద కుట్లు నావేగా. బాయిలర్ వచ్చాక మొదటి సంపాదన ఈ బాకీకేనని కూడా చెబుతా. తిడితే నన్నే తిట్టనీ."

వాకిట్లో బండి ఆగిన చప్పుడైంది. చెల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నోరున్నదాన్నని నాకు పేరేగానీ, ఆ క్షణాన నాకూ భయమేసింది.